అప్‌డేట్: ప్లేట్ వెనక నిలబడే చోటు మార్చాను

బేస్‌బాల్‌లో హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక) బయటి మూలకి వచ్చే బంతులు సరిగా కనిపించడం లేదు, ప్లేట్ వెనక ఉండే అంపైర్ ఎక్కడ నిలబడాలని పోయిన నెల ఇక్కడ అడిగాను. నిన్న సికింద్రాబాద్‌లో ఒక మ్యాచ్‌కి అంపైరింగ్ చేశాను. మీరు చెప్పినట్టే క్యాచర్‌కీ (ప్లేట్ వెనక కూర్చుని బంతి పట్టే ఆటగాడు) బ్యాటర్‌కీ మధ్య సందులో నిలబడి, గడ్డం క్యాచర్ తల పైభాగానికి సమానంగా ఉంచాను. 17 అంగుళాల ప్లేట్ మొత్తం కనిపించింది!

తల కదపకుండా కళ్లతోనే బంతిని గ్లవ్ దాకా చూడటం కష్టమే. క్రికెట్ అంపైరింగ్‌లో బంతి మన దగ్గర నుంచి దూరంగా పోతుంది, ఇక్కడ మన మీదకే వస్తుంది. మొదటి ఇన్నింగ్స్‌లో రెండుసార్లు కళ్లు మూసుకుపోయాయి.

రన్నర్ పరుగు కోసం హోమ్ ప్లేట్‌కి వచ్చినప్పుడు క్యాచర్ వెనకే ఉండిపోకుండా పక్కకి జరిగాను. క్యాచర్ ట్యాగ్ చేస్తూ (బంతితో రన్నర్‌ని తాకుతూ) ఉండగా బంతి జారడం స్పష్టంగా కనిపించి, సేఫ్ (నాటౌట్) ఇచ్చాను. థాంక్స్ అన్నా! ఫౌల్ బంతి (హద్దు గీతల బయటికి కొట్టిన బంతి) గాల్లోకి లేచినప్పుడు క్యాచర్‌కి దారివ్వడం ఇంకా ఆలస్యమవుతోంది, ఈ వారం ప్రాక్టీస్ దాని మీదే.