పాత లాప్‌టాప్ రికవరీ డిస్కుల్లోకే విండోస్ 7 అప్‌డేట్లు కలుపుకోవచ్చా?

ప్రశ్న: డీటీపీ సెంటర్, తణుకు

అందరికీ నమస్కారం. మాది తణుకులో చిన్న డీటీపీ సెంటరు. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు చేస్తాం. పనంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7లో, పాతరకం తెలుగు అను ఫాంట్లతోనే. కొత్త పనులు మెల్లగా యూనికోడ్‌కి మారుస్తున్నాం గానీ పాత ఫైళ్ళు వేలల్లో ఉన్నాయి. అన్నయ్య పెళ్ళికి కార్డు వేయించుకున్నవాళ్ళే వచ్చి "అదే డిజైన్, పేర్లు మార్చి ఇవ్వండి" అంటారు. ఆ ఫైలు తెరుచుకోవాలంటే అవే ఫాంట్లు, అదే సాఫ్ట్‌వేరు ఉండాలి. అందుకే 2010లో కొన్న లాప్‌టాప్‌ని ఇప్పటికీ ఆ పనికే ఉంచాం. విండోస్ 7 హోమ్ బేసిక్, 32 బిట్, 320 జీబీ హార్డ్ డిస్కు.

కొన్నప్పుడు డిస్కులేమీ ఇవ్వలేదు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు కంపెనీ ప్రోగ్రాం అడిగితే 4 డీవీడీలు రాసుకున్నాం. ఒక్క సెట్టే రాయనిచ్చింది. ఈ మధ్య హార్డ్ డిస్కు టిక్ టిక్‌మంటోంది. దాని బదులు ఎస్‌ఎస్‌డీ (కదిలే భాగాలు లేని డిస్కు) వేయించేద్దామనుకుంటున్నాం.

ఇబ్బంది ఏంటంటే, ఆ డిస్కులు వేస్తే 2010 నాటి విండోస్ వస్తుంది. సర్వీస్ ప్యాక్ 1 (అప్‌డేట్ల పెద్ద మూట) కూడా ఉండదు. చాలా ఏళ్ళ క్రితం ఒకసారి రికవరీ చేసినప్పుడు రాత్రంతా "అప్‌డేట్ల కోసం వెతుకుతోంది" అనే ఆకుపచ్చ గీత అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఇప్పుడైతే విండోస్ అప్‌డేట్ అసలు కనెక్టే కాదంటున్నారు.

డిస్కుల్లోని ఫైళ్ళను కంప్యూటర్లోకి కాపీ చేసి, వాటిలో అప్‌డేట్లు కలిపి మళ్ళీ డీవీడీలు రాసుకోవచ్చా? తెరిచి చూస్తే ఎస్‌డబ్ల్యూఎం అనే ఎక్స్‌టెన్షన్‌తో వరస నంబర్లున్న పెద్ద ఫైళ్ళు కనిపిస్తున్నాయి. శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యేలోగా ఇది తేలకపోతే మాకు చాలా కష్టం. తెలిసినవాళ్ళు చెప్పగలరు.

జవాబు: కరీంనగర్ నుంచి

అక్కా, ఆ డిస్కుల జోలికే పోకండి. సర్వీస్ ప్యాక్ 1 కలిసి ఉన్న విండోస్ 7 ఐఎస్ఓ (డిస్కు మొత్తం ఒక్క ఫైలుగా) తీసుకొని, దాంట్లోని ఇన్‌స్టాల్ విమ్ ఫైల్‌ని, అంటే విండోస్ ఇమేజ్‌ని, దాన్ని మార్చే డిస్మ్ కమాండ్‌తో మౌంట్ చేసి (తెరిచి), యాడ్ ప్యాకేజీతో అప్‌డేట్లు ఎక్కించి, కమిట్ కొట్టి మూసేస్తే అయిపోతుంది. మా కాలేజీ ల్యాబులో అట్లనే చేసినం. లాప్‌టాప్ కింద స్టిక్కర్ మీద కీ ఉంటది కదా, అది వాడుకోండి. ఐఎస్ఓలో మీ ఎడిషన్ కనపడకపోతే సోర్సెస్ ఫోల్డర్లో ఈఐ డాట్ సీఎఫ్‌జీ ఫైల్ తీసేయండి, అన్ని ఎడిషన్లూ చూపిస్తది.

జవాబు: లాప్‌టాప్ సర్వీసింగ్, విజయవాడ

పై తమ్ముడు చెప్పిన పద్ధతి పనిచేస్తుంది. ల్యాబులో ముప్పై మిషన్లకి ఒకే విండోస్ ఎక్కించాలంటే అదే దారి. కానీ మీకున్నది ఒక్క లాప్‌టాప్, అదీ పదిహేనేళ్ళు దాటింది. దానికి నేనైతే వేరే దారి చెబుతానండి.

ముందు మీరడిగినదానికి జవాబు. ఎస్‌డబ్ల్యూఎం అంటే ఒక పెద్ద విండోస్ ఇమేజ్‌ని డీవీడీల్లో పట్టేలా కోసిన ముక్కలు. అలా ముక్కలైన ఇమేజ్‌లోకి డిస్మ్ అప్‌డేట్లు ఎక్కించలేదు. ముక్కలన్నీ కలిపి ఒక్క ఫైలు చేసినా, మీ డిస్కుల్లో ఉన్నది సర్వీస్ ప్యాక్ లేని విండోస్. ఆఫ్‌లైన్ ఇమేజ్‌లోకి సర్వీస్ ప్యాక్ 1 (ఎస్‌పీ1) ఎక్కదు, నడుస్తున్న విండోస్ మీదే వేయాలి. పైగా చాలా కంపెనీల రికవరీ ప్రోగ్రాం రాసేముందు ఫైళ్ళను సరిచూసుకుంటుంది. ఒక్క ఫైలు మారినా మధ్యలో ఆగిపోతుంది. కాబట్టి ఆ 4 డీవీడీలను మార్చకండి. మార్చకుండానే అప్‌డేట్లతో ఉన్న కొత్త రికవరీ డిస్కులు తయారు చేసుకోవచ్చు.

అన్నిటికంటే ముందు ఆ టిక్ టిక్ సంగతి చూడండి. పేజ్‌మేకర్ ఫైళ్ళు, అను సెటప్, ఫాంట్ల ఫోల్డరు ఈరోజే వేరే డిస్కులోకి కాపీ చేయండి. చప్పుడు మొదలయ్యాక హార్డ్ డిస్కు ఎన్నాళ్ళు పనిచేస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ పని చేస్తున్నప్పుడే 4 డీవీడీలకూ ఒక్కో ఐఎస్ఓ ఫైలు చేసి దాచండి. ఇంట్లో రాసుకున్న డీవీడీ పొర ఏళ్ళు గడిచేకొద్దీ చెడుతుంది. మా బల్ల మీదికి వచ్చే పాత సెట్లలో మూడో డిస్కో నాలుగో డిస్కో చదవక మొత్తం పని ఆగిపోవడం మామూలే.

తర్వాత ఎస్‌ఎస్‌డీ బిగించి, ఆ డిస్కులతోనే రికవరీ చేయండి. స్టిక్కర్ కీ కాకుండా ఇవే ఎందుకంటే, కంపెనీ డిస్కుతో వేసిన విండోస్ 7, లాప్‌టాప్ బోర్డులోని బయోస్‌లో ఉన్న కంపెనీ గుర్తును చూసుకొని తనంతట తనే యాక్టివేట్ అవుతుంది. నెట్ అక్కర్లేదు, ఫోన్ చేయక్కర్లేదు. డ్రైవర్లు కూడా సరిగ్గా మీ మోడల్‌వే వస్తాయి. ఇంత పాత మోడల్‌కి డ్రైవర్ల కోసం వెబ్‌సైట్లలో వెతకడం ఎంత నరకమో ఒకసారి పడినవాళ్ళకి తెలుస్తుంది.

ఇక అప్‌డేట్లు. 2019 నుంచి విండోస్ 7 అప్‌డేట్ల డిజిటల్ సంతకం (అసలైనవేనని గుర్తుపట్టేది) ఎస్‌హెచ్ఏ-2 అనే కొత్త పద్ధతికి మారింది. 2020లో పాత పద్ధతి సర్వర్లనూ ఆపేశారు. అందుకే పాత విండోస్ 7 ఇప్పుడు నేరుగా అప్‌డేట్ సర్వర్‌తో మాట్లాడలేదు. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ సైట్ నుంచి వేరే కంప్యూటర్లో దించుకొని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవాలి. మీవి అన్నీ ఎక్స్86 (అంటే 32 బిట్) అని ఉన్నవే కావాలి.

వరస ముఖ్యం. మొదట ఎస్‌పీ1, అంటే కేబీ 976932 (కేబీ పక్కనుండేది మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ నంబరు). 32 బిట్ ఫైలు సుమారు 538 ఎంబీ ఉంటుంది. అది అయ్యాక కేబీ 3020369, దాని తర్వాతే కేబీ 3125574. ఈ రెండోది ఎస్‌పీ1 నుంచి 2016 ఏప్రిల్ దాకా వచ్చినవాటిలో చాలావరకు ఒకే మూటగా కట్టి ఇచ్చినది. కేబీ 3020369 లేకుండా ఇది ఎక్కదు. ఆ తర్వాత కేబీ 4490628, కేబీ 4474419. కొత్త సంతకాన్ని గుర్తుపట్టేవి ఇవే. చివరికి కేబీ 4534310, 2020 జనవరి నెల రోలప్ (అప్‌డేట్ల మూట). విండోస్ 7కి అందరికీ ఇచ్చే ఉచిత సపోర్ట్ 2020 జనవరి 14తో ఆగింది, కాబట్టి అందరికీ ఉచితంగా ఇచ్చిన నెలవారీ రోలప్‌లలో ఆఖరుది అదే. రీస్టార్ట్ అడిగిన ప్రతిసారీ చేయండి, వాయిదా వేయకండి.

ఇక్కడ చాలామంది ఆగిపోయే చోటు ఒకటుంది. అప్‌డేట్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేయగానే "ఈ కంప్యూటర్లో అప్‌డేట్లు వెతుకుతోంది" అని చిన్న కిటికీ వస్తుంది, గంటైనా కదలదు. మీరు ఆ రాత్రి చూసిన ఆకుపచ్చ గీత కథే ఇదీ. మొదలుపెట్టేముందే కంట్రోల్ ప్యానెల్లో విండోస్ అప్‌డేట్‌ని "ఎప్పుడూ వెతకవద్దు" అనే సెట్టింగ్‌కి మార్చి, నెట్ తీసేసి, ఒకసారి రీస్టార్ట్ చేయండి. అప్పుడు ఆ వెతుకులాటలో ఇరుక్కోదు.

అన్నీ అయ్యాక అసలు పని. కంట్రోల్ ప్యానెల్లో బ్యాకప్ అండ్ రీస్టోర్ తెరిస్తే ఎడమపక్కన "క్రియేట్ ఎ సిస్టమ్ ఇమేజ్" (విండోస్ మొత్తానికి నకలు), దాని కింద "క్రియేట్ ఎ సిస్టమ్ రిపేర్ డిస్క్" ఉంటాయి. హోమ్ బేసిక్‌లో కూడా ఉంటాయండి, దానికి వేరే సాఫ్ట్‌వేరు కొనక్కర్లేదు. ఇమేజ్‌ని డీవీడీల మీదికీ రాయొచ్చు, బయటి హార్డ్ డిస్కులోకీ రాయొచ్చు. రిపేర్ డిస్కు ఒక్క సీడీలో పడుతుంది. దానితో బూట్ చేసి ఇమేజ్‌ని వెనక్కి దించుకోవాలి. మీరు కోరుకున్న అప్‌డేట్లున్న రికవరీ డిస్కులు ఇవే.

ప్రశ్న అడిగినవారు: తణుకు

చాలా చాలా థాంక్స్ అండి. చదివాక టెన్షన్ సగం తగ్గింది. ఫైళ్ళన్నీ కాపీ పెట్టేశాం. రెండు సందేహాలు. ఇక్కడ షాపులో 240 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంది, మా వాడకానికి సరిపోతుంది, తీసుకోవచ్చా? ఇమేజ్ ఎప్పుడు తీయాలి, పేజ్‌మేకర్, అను వేయకముందా, వేశాకా?

జవాబు: హైదరాబాద్ నుంచి

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది విండోస్ 10. దీనికీ ఇలాగే చేయాలా?

జవాబు: లాప్‌టాప్ సర్వీసింగ్, విజయవాడ

హైదరాబాద్ వారికి: అక్కర్లేదండి. విండోస్ 10లో "రీసెట్ దిస్ పీసీ" నడుస్తున్న విండోస్ ఫైళ్ళతోనే కొత్తగా కడుతుంది. కాబట్టి మొదటినాటి వెర్షన్‌కి వెనక్కి పోదు. రికవరీ డ్రైవ్ మాత్రం చేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది కనుక ఏడాదికోసారి మళ్ళీ చేసుకోండి.

తణుకు వారికి: 240 వద్దండి. 320 జీబీ డిస్కుకి తయారైన రికవరీ, అంతకంటే చిన్న డిస్కు కనబడితే కొన్ని మోడళ్ళలో మొదట్లోనే ఆగిపోతుంది. 480 తీసుకోండి, ధరలో తేడా మీరు భరించగలిగేంతే ఉంటుంది. ఇంకో సంగతి, విండోస్ 7 సిస్టమ్ ఇమేజ్‌ని తీసినదానికంటే చిన్న డిస్కు మీదికి దించనివ్వదు. 480లో తీసిన ఇమేజ్ రేపు 500లోకి దిగుతుంది, 240లోకి దిగదు. ఎస్‌ఎస్‌డీ మార్చాల్సి వస్తే ఈ కొలత గుర్తుంచుకోండి.

ఇమేజ్‌లు రెండు తీయండి. అప్‌డేట్లు, డ్రైవర్లు మాత్రమే ఉన్నప్పుడు ఒకటి. పేజ్‌మేకర్, అను, ప్రింటర్ అన్నీ పెట్టి, ఒక పాత శుభలేఖ ఫైలు తెరిచి ఒత్తులు, పొల్లులు సరిగ్గా పడుతున్నాయని ప్రింటు తీసి చూశాక రెండోది. రోజూ పనికొచ్చేది రెండోదే. మొదటిది చిన్నది కాబట్టి దాన్ని డీవీడీల మీద రాయండి. దానికి ముందు డిస్క్ క్లీనప్‌లో సర్వీస్ ప్యాక్ బ్యాకప్ ఫైళ్ళు తీసేస్తే ఒకటి రెండు డీవీడీలు మిగలొచ్చు. రెండోది బయటి హార్డ్ డిస్కులోకి తీసుకోండి. అది ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉండాలి.

బయటి డిస్కులో ఇమేజ్ "విండోస్‌ఇమేజ్‌బ్యాకప్" అనే ఫోల్డర్‌గా పడుతుంది. రిపేర్ డిస్కు వెతికేది ఆ పేరునే, డ్రైవ్ మొదటి వరసలోనే. దాన్ని వేరే ఫోల్డర్లోకి జరిపితే ఇమేజ్ లేదంటుంది. అదే డిస్కులోకి మళ్ళీ ఇమేజ్ తీస్తే పాతదాని మీద రాసేస్తుంది కూడా. అందుకని రెండో ఇమేజ్ అయ్యాక ఆ ఫోల్డర్‌ని ఇంకో డిస్కులోకి కూడా కాపీ చేసుకోండి.

డీవీడీలు తక్కువ స్పీడులో రాయండి. రిపేర్ డిస్కు రాసిన రోజే దానితో ఒకసారి బూట్ చేసి, బయటి డిస్కు తగిలించి, ఇమేజ్ జాబితాలో తేదీ కనిపిస్తుందో లేదో చూడండి. రీస్టోర్ నొక్కక్కర్లేదు, జాబితాలో కనిపిస్తే చాలు, క్యాన్సిల్ చేసి బయటికి వచ్చేయండి. ఆ తర్వాత ఈ లాప్‌టాప్‌ని నెట్‌కి కలపకండి. మ్యాటరు కొత్త సిస్టంలో దించుకొని, వైరస్ స్కాన్ చేసిన పెన్‌డ్రైవ్‌తో ఇందులోకి తెచ్చుకోండి.