రాబందు, గద్ద ఒకటేనా?

జనాన్ని దోచుకునేవాళ్ళ గురించి మాట్లాడుతూ ఒకరు "గద్దల్లా పీక్కుతింటున్నారు అన్నా రాబందుల్లా అన్నా ఒకటేగా" అన్నారు, ఒకటి కాదండీ. గద్ద బతికున్న కోడిపిల్లని కూడా తన్నుకుపోతుంది, రాబందు మాత్రం చచ్చిన గొడ్డు మీదే వాలుతుంది, డొక్కలోకి తల దూర్చి తినే పక్షి కాబట్టి దాని మెడ మీద పెద్ద ఈకలుండవు, నూగు తప్ప. బతికున్న జనాన్ని దోచుకునేవాళ్ళని రాబందులనడం ఆ పక్షికి అన్యాయం. జటాయువుని గృధ్రరాజు అన్నది మనమే కదా, గృధ్రం అంటే రాబందే మరి.

పేర్లు ఇలా కలిపేస్తే లెక్కలు కూడా పాడవుతాయి. 1992కీ 2007కీ మధ్య మన దేశంలో తెల్లవీపు రకం రాబందులు 99.9 శాతం పోయాయి, అంటే వెయ్యి ఉన్నచోట ఒక్కటి మిగిలింది. దేశంలో ఉన్నవన్నీ ఎవరూ లెక్కపెట్టలేరు, అందుకే 90ల మొదట్లో ఏ రోడ్ల మీద బండిలో తిరుగుతూ కనపడినవి రాసుకున్నారో 2000 నుంచి మళ్ళీ అవే రోడ్ల మీద తిరిగారు, మొత్తం ఎన్నో తెలియకపోయినా ఎన్నో వంతుకి పడిపోయాయో దీంతో తెలిసిపోతుంది.

కారణం 2004లో బయటపడింది, పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు. అది ఒంట్లో ఉండగా చచ్చిన గొడ్డుని తింటే రాబందుకి కిడ్నీలు పోయి, లోపలి అవయవాల మీద యూరిక్ యాసిడ్ తెల్లగా సున్నం పూసినట్టు పేరుకుంటుంది. ఇక్కడ అసలు బాధేంటంటే, ఇది ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, పిల్ల ఈడుకి రావడానికి అయిదేళ్ళు పట్టొచ్చు, ఒక్క గొడ్డు మీద పదుల కొద్దీ వాలతాయి, అందుకే వందకి ఒక్క కళేబరంలో కూడా కాదు, అంతకన్నా తక్కువ వాటిల్లో మందు ఉన్నా ఈ పతనానికి సరిపోతుందని లెక్కగట్టారు. 2006లో పశువుల వాడకానికి నిషేధించారు, అయినా ఇంత నెమ్మదిగా పిల్లల్ని కనే పక్షి అంత తొందరగా ఎలా కోలుకుంటుంది చెప్పండి.

ఆసిఫాబాద్ వైపు బెజ్జూరు అడవుల్లో పొడుగుముక్కు రాబందులు కనపడ్డాయి. మిగతాచోట్ల ఒకప్పుడు ఎక్కడుండేవో పెద్దవాళ్ళని అడిగే తెలుసుకోవాలి, వాళ్ళేమో రెండిటినీ గద్దే అంటే ఆ సమాచారం దేనికీ పనికిరాదు. మీ ఊళ్ళో పెద్దవాళ్ళు రాబందుని విడిగా ఏ పేరుతో పిలిచేవారో అడిగి ఇక్కడ రాయండి, ఏ జిల్లానో కూడా.