వాడేకొద్దీ మెరుగవుతున్న క్యాటలిస్ట్: సంతోషించాలా, అనుమానించాలా?

ప్రశ్న: నీటి నుంచి హైడ్రోజన్ తీసే ప్రయోగాలు చేస్తున్నాను. గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ మీద క్యాటలిస్ట్‌గా మాలిబ్డినం డైసల్ఫైడ్ పూత, 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ యాసిడ్. చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీఆంపియర్లు రావడానికి మొదటిరోజు 210 మిల్లీవోల్టుల ఓవర్‌పొటెన్షియల్ (సిద్ధాంతం ప్రకారం చాలినదానికన్నా అదనంగా ఇవ్వాల్సిన వోల్టేజీ) పట్టింది. వోల్టేజీని పైకీ కిందికీ తిప్పుతూ 3,000 సైకిళ్లు నడిపాక 95 చాలింది! టాఫెల్ స్లోప్ (కరెంటు పదింతలు కావడానికి పెంచాల్సిన మిల్లీవోల్టులు) కూడా 70 నుంచి 36కి దిగింది. పూతలో కొత్త అంచులు తెరుచుకుని యాక్టివ్ సైట్లు (రియాక్షన్ జరిగే చోట్లు) పెరిగాయని రాద్దామనుకుంటున్నా. గైడ్ గారికి చూపించే ముందు ఒక మాట అడుగుదామని.

జవాబు 1: కౌంటర్ ఎలక్ట్రోడ్ (సర్క్యూట్ పూర్తిచేసే అవతలి ఎలక్ట్రోడ్) ఏంటండీ?

అడిగినవారు: ప్లాటినం తీగ. చాలామంది అదే వాడతారు కదా.

జవాబు 1: దొంగ అక్కడే ఉన్నాడు. మీ పూత దగ్గర హైడ్రోజన్ పుడుతుంటే, అవతల ఆ తీగ ఆనోడ్‌గా పనిచేస్తుంది. సైకిల్ సైకిల్‌కీ దాని ఉపరితలం ఆక్సైడ్‌గా మారుతూ, మళ్లీ లోహమవుతూ కొద్దికొద్దిగా యాసిడ్‌లో కరుగుతుంది. ఆ అయాన్లు ఈదుకుంటూ వచ్చి మీ పూత మీదే లోహంగా పేరుకుంటాయి. హైడ్రోజన్ తీయడంలో ప్లాటినమే మేటి క్యాటలిస్ట్, దాని టాఫెల్ స్లోప్ సుమారు 30. మీది అటే జారుతోంది, చూశారా? రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌గా (వోల్టేజీ కొలతకు ఆధారంగా) సిల్వర్ క్లోరైడ్‌ది వాడుతుంటే ఇంకా నష్టం: దాన్నుంచి కారే క్లోరైడ్ ప్లాటినం కరగడానికి సాయపడుతుంది.

అడిగినవారు: కానీ ఎక్స్‌పీఎస్ (ఎక్స్-రేలతో ఉపరితలంలోని మూలకాలను గుర్తించే పరీక్ష) సర్వేలో ప్లాటినం కనిపించలేదండీ. టెన్షన్ పెట్టేశారు.

జవాబు 2: అన్ని మూలకాలనూ పైపైన చూసే సర్వే స్కాన్‌ని నమ్మొద్దు. 71 ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టూ నారో స్కాన్ ఎక్కువసేపు తీయండి. ప్లాటినం 4ఎఫ్ పీక్ ఉండేది అక్కడే. మీది నికెల్ క్యాటలిస్ట్ కాకపోవడం అదృష్టం, దాని 3పీ పీక్ ఆ పక్కనే ఉండి తికమక పెడుతుంది. అయినా ఎక్స్‌పీఎస్ సాధారణంగా 0.1 అటామిక్ శాతం కన్నా తక్కువను పట్టలేదు. పూతను కరిగించి ఐసీపీ-ఎంఎస్‌కి (ద్రావణంలో అతి తక్కువ లోహాన్నీ పట్టే పరీక్ష) పంపితే తేలిపోతుంది.

అంచుల ఆలోచన మాత్రం తప్పు కాదు. బంగారం మీద పెంచిన మాలిబ్డినం డైసల్ఫైడ్ రేణువులను ఎస్‌టీఎంతో (పరమాణు స్థాయిలో చూపే మైక్రోస్కోప్) కొలిచి, కరెంటు వాటి విస్తీర్ణాన్ని బట్టి కాదు, అంచుల పొడవును బట్టి పెరుగుతుందని 2007లోనే చూపించారు. మీ దగ్గర జరిగింది అదేనని చెప్పాలంటే ముందు ప్లాటినం లేదని తేల్చాలి.

జవాబు 1: గ్రాఫైట్ కడ్డీ పెట్టి, కొత్త పూతతో మళ్లీ నడపండి. కడ్డీ నుంచీ కార్బన్ పొడి రాలుతుంది కాబట్టి ఫ్రిట్ (సన్న రంధ్రాల గాజు అడ్డు) ఉన్న సెల్‌లోని వేరే గదిలో ఉంచండి. రిఫరెన్స్‌గా మెర్క్యురీ సల్ఫేట్ మేలు. పాత గాజు సెల్‌ను అలాగే వాడకండి, గోడలకు ప్లాటినం అంటుకుని ఉండొచ్చు. అక్వా రెజియాతో (ప్లాటినంను కరిగించే నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్ల మిశ్రమం) కడగండి. ఫ్యూమ్ హుడ్‌లోనే సుమా, మిగిలింది మూతబిగించి దాచొద్దు.

అడిగినవారు: నడిపానండీ. 3,000 సైకిళ్ల తర్వాత 210 కాస్తా 217 అయింది. పాత పూత నారో స్కాన్‌లో 71 దగ్గర చిన్న జంట పీక్ కూడా తేలింది. గైడ్ గారికి రెండు గ్రాఫులూ పక్కపక్కనే పెట్టి చూపిస్తున్నా.