కొత్త ఫాదర్ గారు వస్తే పాత పనివాళ్లు వెళ్లిపోవాల్సిందేనా?

కమిటీ సభ్యుడు (కృష్ణా జిల్లా):
మా విచారణకు, అంటే మా క్యాథలిక్ చర్చి పరిధికి, కొత్త ఫాదర్ గారు వచ్చారు. నెల తిరక్కుండానే ఫాదర్ గారు ఉండే బంగ్లాలో వంటమ్మను మానిపించారు. పద్నాలుగేళ్లుగా అక్కడే వండుతోంది. చేతిలో రెండు నెలల జీతం పెట్టి "దేవుడు చల్లగా చూస్తాడమ్మా" అని పంపేశారు. చేరినప్పుడు కాగితం లేదు, మానిపించినప్పుడూ లేదు. గురువుకు, అంటే ఫాదర్ గారికి, తన మనుషుల్ని తను పెట్టుకునే హక్కు ఉందని కమిటీలో సగం మంది అంటున్నారు. నేను లేదంటున్నాను. మీరేమంటారు?

పాత బోర్డింగ్ విద్యార్థి:
ఉంది. ఫాదర్ గారి అన్నం ఎవరు వండాలో కమిటీ తేలుస్తుందా? చాలామందికి షుగర్, బీపీ. బంగ్లా తాళాలు, కానుకల లెక్క అన్నీ ఆ ఇంట్లోనే ఉంటాయి. నమ్మకం లేని మనిషితో ఎలా నెట్టుకొస్తారు? పైగా ఆమె ఆ జీతానికి ఒప్పుకునే కదా చేరింది.

కమిటీ సభ్యుడు:
నమ్మకం సంగతి కాదనను అన్నా. కానీ జీతం ఫాదర్ గారి జేబులోంచి కాదు, విచారణ ఖాతాలోంచి వెళ్తోంది. క్యాథలిక్ చర్చి చట్టమైన కానన్ లా 515 ప్రకారం విచారణకు సొంతంగా చట్టపరమైన ఉనికి ఉంది. 532 ప్రకారం విచారణ గురువు దాని తరఫున వ్యవహరిస్తారు, అంతే. అంటే యజమాని విచారణే. బ్యాంకు మేనేజర్ బదిలీ అయితే అటెండర్‌ను ఇంటికి పంపుతారా?

"ఒప్పుకునే చేరింది" అన్నారు కదా, దానికి 1891లోనే 13వ లియో పోపు గారు రేరుం నొవారుం అనే లేఖలో జవాబు చెప్పారు. గత్యంతరం లేక, భయంతో తక్కువ జీతానికి ఒప్పుకున్న మనిషి బలవంతానికీ అన్యాయానికీ గురైనట్టే అన్నారు. 2025లో ఎన్నికైన పోపు గారు 14వ లియో అని పేరు పెట్టుకున్నదీ ఆయన్ని తలచుకునే. మనం మే 1న కార్మికుడైన జోజప్ప (సెయింట్ జోసెఫ్) గారి పండగ పూజ పెట్టి, సాయంత్రానికి వంటమ్మను పంపించేస్తాం.

ఒక గురువు:
విచారణ పేరు చెప్పను. నా కింద తొమ్మిది ఊళ్లున్నాయి. వ్యవసాయ పనులు లేని నెలల్లో ఆదివారం కానుక బండి పెట్రోలుకు కూడా చాలదు. విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్ఏకు 2020లో సవరణ వచ్చాక ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధుల్ని ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. ఆ దెబ్బ మా దాకా తగిలింది. కనీస వేతనం లెక్కన ఇవ్వాలంటే ఊళ్లలో మతబోధ చేసే ఉపదేశుల్లో సగం మందిని ఆపాలి. అప్పుడు ఆ ఊళ్లలో ఆదివారం ప్రార్థన ఎవరు నడిపిస్తారు? ఉపదేశిది దైవ పిలుపు. 2021లో ఫ్రాన్సిస్ పోపు గారు దాన్ని శ్రీసభలో (క్యాథలిక్ చర్చిలో) ఒక స్థిరమైన పరిచర్యగా నెలకొల్పారు. దాన్ని ఫ్యాక్టరీ లెక్కల్లో చూడకండి.

ఉపదేశి కూతురు:
వందనాలు ఫాదర్ గారూ. మా నాన్న ఉపదేశి. శనివారం సాయంత్రం సైకిల్ మీద ఊళ్లకు వెళ్లి ఆదివారం మధ్యాహ్నానికి వచ్చేవాడు. చావింట్లో జపమాల, పెళ్లి ప్రకటనలు, జ్ఞానస్నానం రిజిస్టర్ అన్నీ ఆయన చేతి మీదుగానే. పిలుపు అన్న మాట ఆయన ఎన్నడూ కాదనలేదు. కిరాణా కొట్టాయనే ఒప్పుకోలేదు.

జీతం మూడు నెలలకోసారి కవరులో వచ్చేది. కవరు మీద పేరు ఉండదు, "ఉపదేశి" అని మాత్రం ఉంటుంది. ఒక ఫాదర్ గారు బదిలీ అయ్యేటప్పటికి బాకీ ఉంది. "కొత్తాయన ఇస్తారు" అన్నారు. కొత్తాయన "పాత లెక్కలు నాకు తెలియవు" అన్నారు. గట్టిగా అడుగుదామంటే మేం ఉండేది గుడి ఆవరణలోని ఇల్లు. ఖాళీ చేయమంటే ఎక్కడికి పోతామని అమ్మకు టెన్షన్. డబ్బులు లేని మాట నిజమే అయ్యుండొచ్చు. ఆ ఏడాదే గుడికి గ్రానైట్ వేశారు.

అకౌంటెంట్ (హైదరాబాద్):
చట్టం సంగతి చెప్తాను. పని మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీకి మామూలుగా పదిమంది పనివాళ్లుండాలి, పీఎఫ్‌కు ఇరవై. ఒక్కో విచారణను విడిగా చూస్తే ముగ్గురో నలుగురో తేలతారు, ఏదీ వర్తించదు. మేత్రాసనాన్నంతా, అంటే ఒక బిషప్ గారి కింద ఉన్న విచారణలన్నిటినీ, ఒక్కటిగా చూడాలా అన్నది లాయర్ల వాదన. మన వరకు ఆ వాదన అవసరం లేదు. కానన్ లా 1286 శ్రీసభ ఆస్తులు చూసేవాళ్లకు రెండు చెప్తోంది: దేశంలోని కార్మిక చట్టాలు తూచా తప్పకుండా పాటించాలి, జీతం పనివాడికీ అతని మీద ఆధారపడ్డవాళ్లకూ సరిపోవాలి.

గ్రాట్యుటీ అంటే, నెలను 26 రోజులుగా లెక్కేసి, ఏడాదికి పదిహేను రోజుల వేతనం. వంటమ్మ జీతం నెలకు 6,000 అనుకుందాం. పద్నాలుగేళ్లకు సుమారు 48,460 రూపాయలు. ఇచ్చింది పన్నెండు వేలు.

ఒక గురువు:
లెక్క అర్థమైంది. జీతాలు ఒక్కసారిగా పెంచడం నా వల్ల కాదు, అది మేత్రాసనం స్థాయిలో ఒక నిధి పెట్టి చేయాల్సిన పని. నియామక పత్రం, నెల ముందు నోటీసు, బదిలీకి ముందే బాకీలు తీర్చడం, వీటికి పెద్దగా ఖర్చు లేదు, చేయొచ్చు. కానీ ఎవర్ని పెట్టాలో ఎవర్ని తీయాలో కమిటీ చేతికిస్తే ఊళ్లో కులాల గొడవలు బంగ్లాలోకి వస్తాయి. అది మాత్రం నేను ఒప్పుకోను.

ఉపదేశి కూతురు:
ఇప్పుడు రాలేదా ఫాదర్ గారూ? ఎవరు వంటింట్లోకి రావాలో, ఎవరు వాకిలి ఊడ్చి వెళ్లిపోవాలో ఊళ్లో అందరికీ తెలుసు. దళితుల సాధికారత కోసం భారత మేత్రాణుల (బిషప్పుల) సమాఖ్య 2016లో విధానమే తెచ్చింది. నియామకాలు కాగితం మీద జరిగితే కనీసం అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

పాత బోర్డింగ్ విద్యార్థి:
సరే, బాకీ ఇవ్వమనండి. మనిషిని మార్చే హక్కు ఫాదర్ గారిదే, నా మాట అదే.

కమిటీ సభ్యుడు:
మార్చుకోనివ్వండి అన్నా, రావాల్సింది ఇచ్చి మార్చమంటున్నాను. కానన్ లా 537 ప్రకారం ప్రతి విచారణకూ ఆర్థిక సంఘం ఉండాలి. మాది పేరుకుంది. ఆదివారం పూజయ్యాక దాన్ని కూర్చోబెడతాను. అకౌంటెంట్ గారూ, ఆమె ఎప్పుడు చేరిందో రుజువేమీ లేదు, ఏం చేయమంటారు?

అకౌంటెంట్ (హైదరాబాద్):
పాత క్యాష్ బుక్కులు ఉన్నాయా?

కమిటీ సభ్యుడు:
ఉన్నాయి. నెలనెలా "వంట" అని ఖర్చు రాసి ఉంటుంది, పేరు ఉండదు.

అకౌంటెంట్ (హైదరాబాద్):
మొదటిసారి "వంట" అని ఉన్న పేజీ నుంచి అన్నీ ఫొటోలు తీయండి. అప్పటి ఫాదర్ గారు ఎక్కడున్నారో కనుక్కుని, ఆమె ఫలానా నెల నుంచి పనిచేసిందని రెండు వాక్యాలు రాయించుకోండి. ఆదివారం లోపే.