సమాధుల్లో దొరికిన కుండలను మ్యూజియంలో పెట్టొచ్చా?

నదిగట్టు:
అమెరికాలోని ఇల్లినాయ్‌లో ఉన్న కహోకియా మట్టి దిబ్బలు చూసొచ్చినప్పటి నుంచి ఇదే ఆలోచన. క్రీ.శ. 1000 తర్వాత మిస్సిసిపి లోయలో దిబ్బలు కట్టుకుని బతికిన జనం చేసిన కుండల్లో, చెక్కుచెదరకుండా మనకు కనిపించేవి చాలావరకు సమాధుల్లోంచి తీసినవే. అలాంటివి వారసులైన తెగల సమ్మతి లేకుండా ప్రదర్శించకూడదని 2024 జనవరి నుంచి అమెరికాలో నిబంధన. ఎప్పుడో రావాల్సింది. మీరేమంటారు?

మట్టివాసన:
నేను ఒప్పుకోనండీ. వాళ్లు నదిలో ఆల్చిప్పలు ఏరి, కాల్చి, పొడి చేసి బంకమట్టిలో కలిపేవారు, చక్రం లేకుండా చేత్తోనే కుండ లేపేవారు, ఆ పొడి వల్ల పొయ్యి మీద కుండ తొందరగా పగలదు. మంట మరీ ఎక్కువైతే చిప్ప సున్నమై కుండ పెచ్చులూడుతుంది, అంటే ఎంత పనితనమో చూడండి. దాచేస్తే ఇదంతా జనానికి ఎలా తెలుస్తుంది?

నదిగట్టు:
మీరు చెప్పిందంతా చెత్తగుంటల్లో, ఇళ్ల నేలల్లో దొరికే పెంకులే చెబుతాయి. విరిగిన అంచులోనే కదా చిప్పముక్కలు కనిపించేది! చెక్కుచెదరని కుండ మీది మోజు ఏం చేసిందో 1987లో కెంటకీలో ఆ జనం సమాధులున్న స్లాక్ ఫార్మ్‌లో చూశాం. పదిమంది ఆ భూమి వాళ్లకి 10,000 డాలర్లు కట్టి, 400కి పైగా గుంతలు తవ్వి, కుండల కోసం మనుషుల ఎముకలు చెల్లాచెదురు చేశారు. తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

పాతపెంకు:
అమెరికా మూలవాసులైన కాడో తెగ సంగతి కూడా చూడండి. వాళ్లలో కుండల పని ఆగిపోయింది. 1991లో జెరెల్డీన్ రెడ్‌కార్న్ ఓక్లహోమాలోని ఒక మ్యూజియంలో తన పూర్వీకుల కుండలు చూసి, నేర్పేవాళ్లు లేకపోయినా పట్టుబట్టి నేర్చుకుని ఆ పనిని మళ్లీ నిలబెట్టారు. ఆ రోజు అవి అక్కడ లేకపోతే?

నదిగట్టు:
ఈ మాట నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది. కానీ ఆవిడ ఆ తెగ మనిషే కదండీ, నిబంధన కూడా వాళ్లనే అడగమంటోంది. వాళ్లు సరే అంటే సంతోషంగా వెళ్లి చూస్తాను.

మట్టివాసన:
పెంకుల విషయం ఒప్పుకుంటాను. మరి వారసులెవరో తేలనివి? ఈశాన్య అర్కాన్సాలో మనిషి తల ఆకారపు కుండలు దొరికాయి. 1541లో స్పెయిన్ నుంచి వచ్చిన డి సోటో సైన్యం అక్కడ పెద్ద ఊళ్లు చూసింది, 1673లో ఫ్రెంచివాళ్లు వచ్చేసరికి అవి లేవు. ఎవరిని అడుగుతారు?

నదిగట్టు:
సంబంధం ఉందని చెప్పే అందరినీ. అలబామాలో మౌండ్‌విల్ అనే దిబ్బల ఊళ్లో తవ్వితీసిన మనుషుల అవశేషాల కోసం ఏడు తెగలు కలిసే అడిగాయి, 2021లో ఇలాంటి తగాదాలు చూసే ఫెడరల్ సమీక్ష కమిటీ వాళ్ల వైపే తేల్చింది.