పీసీఓఎస్ ఉన్నవాళ్ళకు నీరసం మామూలేనా? బరువు తగ్గితే చాలా, డాక్టరును మళ్ళీ అడగాలా?

నల్లగొండ పంతులమ్మ:
నాకు 31 ఏళ్ళు. నాలుగేళ్ళ కింద పీరియడ్స్ రెండు మూడు నెలలకోసారి వస్తుంటే స్కానింగ్ తీసి, అండాశయాల్లో నీటి బుడగలున్నాయి, పీసీఓఎస్ అన్నారు. అప్పటినుంచి మెట్‌ఫార్మిన్ (షుగర్‌కు కూడా ఇచ్చే గోలీ) వేసుకుంటున్నా. డేట్ సంగతి కొంత దారికొచ్చింది. నీరసం మాత్రం పోలేదు. ఎనిమిది గంటలు పడుకొని లేచినా పొద్దంతా నాటు వేసి వచ్చినట్టే ఉంటుంది. బడిలో బోర్డు మీద నాలుగు వాక్యాలు రాసేసరికి చెయ్యి కిందికి జారిపోతుంది. ఆదివారం బట్టలు ఉతికితే సోమవారం లేవలేను, ఒక్కోసారి మంగళవారం కూడా.

డాక్టరమ్మకు చెప్తే "బరువు తగ్గమ్మా, అన్నీ అవే పోతాయి" అన్నారు. మా అత్తమ్మ "మాకు లేని నీరసాలు మీకెక్కడివి" అంటుంది. ఊళ్ళో పెద్దవాళ్ళయితే ఏ ఒళ్ళు నొప్పికైనా ఫ్లోరైడ్ నీళ్ళనే అంటారు. మా పక్కింటామె మాట విని ఆర్‌ఎంపీ దగ్గర రెండుసార్లు గ్లూకోజ్ ఎక్కించుకున్నా. ఆ సాయంత్రం వరకు బాగుంది, తెల్లారితే మళ్ళీ అంతే. ఈ నీరసం పీసీఓఎస్‌తో వచ్చేదే అని ఊరుకోవాలా, దీనికోసమే మళ్ళీ దవాఖానకు పోవాలా?

దేవరకొండ అక్క:
చెల్లీ, మీ డాక్టరమ్మ చెప్పింది తప్పు కాదు. నాదీ ఇదే బాధ. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నా, రోజూ 40 నిమిషాలు నడిచా. అయిదు నెలల్లో ఆరు కిలోలు తగ్గా, మధ్యాహ్నం కళ్ళు మూసుకుపోవడం పోయింది. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోతే తిన్నది ఒంటికి పట్టదు, అందుకే నీరసం అని నాకు చెప్పారు. నలుగురు డాక్టర్ల చుట్టూ తిరిగితే టెస్టులకు డబ్బులు పోవడం తప్ప ఏమీ ఉండదు. ముందు తిండి, నడక సరిచేసుకో.

పాలమూరు నర్సమ్మ:
దేవరకొండ అక్కా, మీకు తగ్గింది, సంతోషం. పీసీఓఎస్‌లో బరువు కొద్దిగా తగ్గినా చాలామందికి మేలు కనిపించే మాట నిజమే. నా అభ్యంతరం ఒక్కటే. నీరసం అనగానే "అది పీసీఓఎస్సే" అని ఫైలు మూసేస్తే, పక్కనే ఉన్న వేరే జబ్బు దొరకదు. పదిహేనేళ్ళుగా వార్డులో చూస్తున్నా, ఇలా మూసిన ఫైళ్ళు ఎన్నో.

మొదట రక్తం. రెండు నెలలు డేట్ రాదు, వచ్చిందంటే పదిహేను రోజులు ఆగదు. అలాంటప్పుడు ఐరన్ పడిపోతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తం తక్కువగా ఉంది. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత అంటారు. కానీ అది బాగానే ఉండి ఐరన్ నిల్వలు అడుగంటిన వాళ్ళూ ఉంటారు. ఫెరిటిన్ అనే రక్తపరీక్ష చేస్తేనే అది తెలుస్తుంది. తర్వాత థైరాయిడ్. డేట్ తప్పడం, బరువు పెరగడం, జుట్టు ఊడటం, నీరసం దాంట్లోనూ ఉంటాయి.

షుగర్ సంగతి వేరుగా చెప్పాలి. 2023లో వచ్చిన అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు, మనిషి లావున్నా సన్నగున్నా షుగర్ చూడాలంటాయి. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చూసే పరీక్షను మేలైనదిగా చెప్తాయి. అందుకే "సన్నగానే ఉన్నా కదా, నాకెందుకు" అనుకోవద్దు. దిగులు, టెన్షన్ ఉన్నాయేమో అడగమని కూడా వాటిలో ఉంది. మన దగ్గర ఆ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ. మనసు బాగాలేకపోయినా ఒళ్ళు ఇలాగే బరువెక్కుతుంది, అది బద్ధకం కాదు.

పంతులమ్మా, మీకు ఇంకో మాట. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో విటమిన్ బీ12 తగ్గుతుంది. నీరసం, కాళ్ళు చేతులు తిమ్మిరెక్కడం దాని గుర్తులు. మీరే గోలీలు ఆపేయకండి. బీ12 చూడమని అడగండి. ఇక గ్లూకోజ్ బాటిల్ అంటారా, 5 శాతం ద్రావణం అర లీటరులో ఉండేది 25 గ్రాముల చక్కెర. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయని ఒంటికి దాన్ని నరంలోకి ఎక్కించడం చూస్తే నాకు కడుపు మండుతుంది.

మిర్యాలగూడ నుంచి ఒక భర్త:
మా ఆవిడకు పీసీఓఎస్. నిద్రలో గురక పెట్టేది, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేది. నేను పట్టించుకోలేదు. పగలు కూర్చున్నచోటే నిద్రపోతుంటే చివరికి నిద్ర పరీక్ష చేయించాం. స్లీప్ అప్నియా అని తేలింది. పక్కన పడుకునేవాళ్ళు ఇలాంటివి గమనించి డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే నిద్రలో ఉన్న మనిషికి తెలియదు.

దేవరకొండ అక్క:
నర్సమ్మగారూ, మీరు చెప్పినవన్నీ ప్రైవేటు ల్యాబులో చేయిస్తే ఎంత అవుతుందో తెలుసు కదా. కూలికి పోయే మనిషి ఎక్కడికి పోవాలి? నడకకు మాత్రం పైసా ఖర్చు లేదు.

పాలమూరు నర్సమ్మ:
ఖర్చు సంగతి మీరన్నది న్యాయమే. తెలంగాణ ప్రభుత్వ "ఆరోగ్య మహిళ" కార్యక్రమం 2023 మార్చి 8న మొదట 100 కేంద్రాల్లో పెట్టారు, మంగళవారం ఆడవాళ్ళకే. పీసీఓఎస్ కూడా అందులో చూసే సమస్యల్లో ఉంది. రక్తం పీహెచ్‌సీలో తీసి తెలంగాణ డయాగ్నొస్టిక్స్ జిల్లా ల్యాబుకు పంపిస్తారు, డబ్బులు ఉండవు. మీ దగ్గర ఎక్కడ జరుగుతుందో ఆశా వర్కరును అడగండి. అన్నీ ఒకేసారి చేయించాల్సిన పని లేదు. రక్తం, థైరాయిడ్, షుగర్ ముందు.

నడక విషయంలో మాత్రం నేను ఒప్పుకోను అక్కా. మామూలు నీరసం నడిస్తే తగ్గుతుంది. కానీ పంతులమ్మ రాసింది చూడండి, ఆదివారం ఉతికితే మంగళవారం దాకా లేవలేకపోవడం. చిన్న పనికి మర్నాడు, ఆ మర్నాడు కుప్పకూలడం నెలల తరబడి ఉంటే, మిగతా కారణాలేవీ దొరక్కపోతే, దీర్ఘకాలిక అలసట జబ్బు అని వేరే ఒకటి ఉంది. దాంట్లో రోజురోజుకూ వ్యాయామం పెంచుకుంటూ పోతే మనిషి ఇంకా దిగజారవచ్చు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాల్లో అలా పెంచే పద్ధతిని 2021లో తీసేశారు. ఆమెకు అదే ఉందని నేననను. అది తేలేదాకా 40 నిమిషాలు నడవమని చెప్పకండి.

దేవరకొండ అక్క:
ఇది నాకు తెలియదు. నాకు పనిచేసింది అందరికీ పనిచేస్తుందనే ఇన్నాళ్ళూ మా చుట్టాల పిల్లలకు కూడా చెప్తూ వచ్చా. తిండి మాట మీద మాత్రం ఉంటా.

నల్లగొండ పంతులమ్మ:
అందరికీ దండాలు. ఇన్నాళ్ళూ డాక్టరు ముందు కూర్చుంటే డేట్ సంగతి, పిల్లల సంగతి అడిగేవాళ్ళు, వాటికి జవాబు చెప్పి వచ్చేదాన్ని. లేచేటప్పుడు గడప దగ్గర "కొంచెం నీరసం కూడా ఉంది" అనేదాన్ని. ఈసారి మొదటి మాట అదే చెప్తా. మంగళవారం సెలవు పెట్టా. ఏ పని చేసిన రోజు, ఆ తర్వాత ఎన్ని రోజులు లేవలేదో రెండు వారాలది కాగితం మీద రాసుకున్నా. గురక సంగతి మా ఆయన్ని అడిగా, ఈ వారం గమనిస్తానన్నాడు.

నర్సమ్మా, మీరు తిమ్మిరి అన్నాక గుర్తొచ్చింది. ఏడాదిగా రాత్రిపూట నా అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. నిలబడి పాఠం చెప్తా కదా, అందుకనుకున్నా. ఎవరికీ చెప్పలేదు. అదీ కాగితంలో రాశా.