విత్తన బంతులు ఆరకముందే మొలకెత్తుతున్నాయి, ఆపేదెలా?

మాది గుంటూరు. సంక్రాంతి బొమ్మల కొలువు పేరంటానికి వచ్చేవాళ్లకు ఇవ్వాలని పిల్లలు విత్తన బంతులు చేస్తున్నారు. జల్లించిన ఎర్రమట్టి మూడు పాళ్లు, వర్మీకంపోస్టు ఒక పాలు, నిమ్మకాయంత ఉండలో చిటికెడు తోటకూర గింజలు. నీడలో ఆరబెడితే మూడో రోజుకి లోపలి తడికి మొలకొచ్చి, అక్కడే ఎండిపోతోంది. ఎండలో పెడితే పగుళ్లు. నీళ్లు తగ్గిస్తే ఉండ కట్టడం లేదు. ఫ్యాన్ కింద పెట్టినా మధ్యలో చెమ్మ పోలేదు. నల్లరేగడి కలిపితే పగుళ్లు ఇంకా పెరిగాయి, అది ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది కదా. గోంగూర గింజలు పెట్టినవి మాత్రం బాగున్నాయి. కానీ పిల్లలకు తోటకూరే కావాలి. రెండు మూడు రోజుల్లో పచ్చగా కనబడితేనే వాళ్లు రోజూ నీళ్లు పోస్తారు.

ఒక్క రోజులో లోపలిదాకా ఆరి, పగలకుండా ఉండాలంటే ఉండ ఎంత సైజులో, మట్టిలో ఇసుక ఎన్ని పాళ్లు కలిపి చేయాలి?